కూర్పు ఎవరి పని?

నా కంప్యూటర్‌లో ఉన్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పేరు డావిన్సీ రిజాల్వ్. ఉచితంగా దొరికేదే దించుకున్నాను. దానికే స్టూడియో అని ఇంకో వెర్షన్ ఉంది, ప్రొఫెషనల్స్ కోసం. వెల 295 డాలర్లు. మన డబ్బుల్లో పాతిక వేల పైమాట. ఒక్కసారి కడితే చాలు, నెలనెలా అక్కర్లేదు. అది కొనాలా వద్దా అని ఎనిమిది నెలలు కొట్టుమిట్టాడాను. చరిత్ర వ్యాసం రాయమంటే సాఫ్ట్‌వేర్ బేరం చెబుతుందేమిటి అనుకోకండి. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. నా ముందుకొచ్చిన ప్రశ్న నాకు సాఫ్ట్‌వేర్ ప్రశ్నగా కనిపించలేదు. ఒక ముసలామె చెప్పిన మాటల్లో ఏది మాట, ఏది చప్పుడు, ఆ తేడా ఎవరు తేలుస్తారు అన్నది ఆ ప్రశ్న.

ఆమెది పట్టిసీమ. బోర్డుల మీద అలా రాస్తారు గానీ మా వైపు అందరూ పట్టిసం అనే అంటారు. కొవ్వూరు దాటి, తాళ్ళపూడి మీదుగా గట్టు పట్టుకుని వెళితే వస్తుంది. ఒకప్పటి పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా. నది మధ్య కొండ మీద వీరభద్రస్వామి గుడి. శివరాత్రికి లాంచీల్లో జనం. తెలుగు సినిమా చూసేవాళ్ళకు ఆ తీరం ఏదో ఒక రూపంలో తెలిసే ఉంటుంది. 1964లో మూగమనసులు, 1973లో అందాల రాముడు, 2006లో గోదావరి, అన్నీ ఈ నది మీద పడవెక్కినవే. ఆ సినిమాల్లో నది చక్కగా పాటకు తగ్గట్టు గలగలమంటుంది. నేను రికార్డు చేసిన నది అలా లేదు.

2015లో అక్కడ ఎత్తిపోతల పథకం మొదలైంది. 24 పంపులు, సెకనుకు 240 ఘనపు మీటర్ల నీరు. క్యూసెక్కుల్లో చెబితే సుమారు 8,500. గోదావరి నీటిని తోడి పోలవరం కుడి కాలువలో పోస్తే అది కృష్ణకు చేరుతుంది. ఆ నీటి వల్ల కృష్ణా డెల్టాలో నాట్లు సకాలంలో పడ్డాయన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. నేను 2018 వానాకాలంలో వెళ్ళింది నీటి లెక్కల కోసం కాదు. పంపుల కోసం, కాలువ కోసం భూములు ఇచ్చిన ఇళ్ళలో ఆడవాళ్ళు ఏం చెబుతారో విందామని. ఒక చిన్న కెమెరా, ఒక ఫోను, నేను. నాలుగు నెలల్లో దాదాపు నలభై గంటల వీడియో పోగయింది.

అందులో ఈమె పన్నెండు నిమిషాలు ఉంటుంది. పేరు రాయను. డెబ్బై దాటిన మనిషి, వరసకు నాకు పిన్నమ్మ అవుతుంది. రేవు దగ్గర శివరాత్రికి కొబ్బరికాయలు, అరటిపళ్ళు అమ్మిన ఆమె. ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడింది. ఒకవైపు పంపుల హోరు, మధ్యలో లాంచీ ఇంజను, పైన వాన. నా దగ్గర విడిగా మైకు లేదు, కెమెరాకున్నదే. ఇంటికొచ్చి వింటే పన్నెండు నిమిషాల్లో మూడొంతులు అర్థం కాలేదు. మళ్ళీ వెళ్ళి, పంపులు ఆగాక రికార్డు చేద్దాంలే అనుకున్నాను. ఎవరికైనా ఉండే బద్ధకమే. 2021లో ఆమె పోయింది.

ఇక ఆ పన్నెండు నిమిషాలే ఉన్నాయి. ఉచిత వెర్షన్‌లో నేను చేయగలిగినదంతా చేశాను. నిజానికి అది చాలా చేస్తుంది. ముక్కలు కత్తిరించడం, అతకడం, రంగులు దిద్దడం, 3840 బై 2160 సైజు దాకా బయటికి తీయడం, అన్నీ ఉన్నాయి. లేనివల్లా నాకు కావలసినవే. సాయంత్రం చీకట్లో తీసిన బొమ్మ మీద పురుగుల్లా కదిలే మచ్చలను తొలగించడం ఒకటి. చప్పుడులోంచి మనిషి గొంతును విడదీయడం రెండోది. ఈ రెండూ డబ్బు కట్టిన వెర్షన్‌లోనే.

ఇక్కడ ఆగి కొంచెం వెనక్కి వెళ్ళాలి. కొనాలా వద్దా అన్న తర్జనభర్జనలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది డబ్బు కాదు. ‘ప్రొఫెషనల్’ అన్న మాట. నేను ప్రొఫెషనల్‌నా? నాకెందుకు? ఈ ‘నాకెందుకులే’ ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటే ఎడిటింగ్ చరిత్రలోకి తీసుకుపోయింది.

సినిమా పుట్టిన కొత్తలో ఫిల్మును కత్తిరించి అతికే పని చాలా చోట్ల ఆడవాళ్ళది. హాలీవుడ్‌లో వాళ్ళను కటర్లు అనేవారు. మార్గరెట్ బూత్ 1915లో గ్రిఫిత్ దగ్గర ముక్కలు అతికే అమ్మాయిగా చేరింది. ఆ తర్వాత ఎంజీఎం స్టూడియోలో ఎడిటింగ్ అంతటికీ పెద్దగా 1968 దాకా ఉంది. ఆమెలాంటివాళ్ళను చెప్పుకుంటాం గానీ ఆమె పక్క బల్లల మీద కూర్చున్న వందల మంది పేర్లు తెర మీదకు రాలేదు. అది కుట్టుపనిలాంటిది, ఓపిక ఉంటే చాలు అనుకున్నంత కాలం ఆడవాళ్ళకు వదిలేశారు. 1920ల చివర సినిమాకు శబ్దం వచ్చింది. అప్పుడు ఎడిటింగ్ ‘సాంకేతికం’ అయింది, జీతం పెరిగింది, మగవాళ్ళు వచ్చి కూర్చున్నారు. సినిమా చరిత్రకారులు ఈ మార్పును గుర్తించి రాశారు. అది నాకు కొత్తగా అనిపించలేదు. మన వంటిళ్ళలో వంటకూ, పెళ్ళిళ్ళలో వంటకూ ఉన్న తేడాయే కదా.

రష్యాలో ఎస్ఫిర్ షూబ్ అనే ఆమె 1927లో చేసిన పని నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. కెమెరా ముట్టకుండా, జారు చక్రవర్తి కాలపు పాత వార్తాచిత్రాల ముక్కలు వెతికి పట్టుకుని, రొమనోవ్ వంశ పతనం మీద పూర్తి చిత్రం కూర్చింది. రాజుగారు తన వైభవం కోసం తీయించుకున్న బొమ్మలనే ఆయన పతనానికి సాక్ష్యంగా మార్చింది. చరిత్ర పాఠాలు చెప్పిన ముప్పై ఏళ్ళలో నేను ఈ పేరు ఒక్క తరగతిలో కూడా చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత వచ్చిన ‘మాన్ విత్ ఎ మూవీ కెమెరా’లో ఎలిజవెటా స్విలోవా ఎడిటింగ్ బల్ల ముందు కూర్చుని రీళ్ళు కత్తిరిస్తూ తెర మీదే కనిపిస్తుంది. చిత్రం మాత్రం అందరికీ ఆమె భర్త వెర్తోవ్ సినిమాగానే తెలుసు.

మన దగ్గరకు వస్తే, రాజమండ్రిలో 1936లోనే దుర్గా సినీటోన్ అనే స్టూడియో వెలిసింది. తెలుగు నేల మీద మొదటి స్టూడియో అది. నిలబడలేదు. సినిమా మళ్ళీ మద్రాసుకే పోయింది. తర్వాత భానుమతి 1953లో చండీరాణిని మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది. విజయనిర్మల 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఈ ఇద్దరి పేర్లూ మనం గర్వంగా చెప్పుకుంటాం. తెలుగు సినిమాల టైటిల్స్‌లో ‘కూర్పు’ అన్న మాట పక్కన ఆడ పేరు చెప్పమంటే మాత్రం తడుముకుంటాం. హిందీలో రేణు సలూజా ఉంది. పూనా ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, పరిందాకు జాతీయ అవార్డు తెచ్చుకుని, 2000లో, నలభై ఎనిమిదేళ్ళకే పోయింది.

కూర్పు అన్న మాట ఎంత బావుందో చూడండి. ఇంగ్లీషువాళ్ళు కట్ అన్నారు. మనవాళ్ళు దండ గుచ్చే పనికీ, పుస్తకం తయారుచేసే పనికీ వాడే మాటనే దీనికీ వాడారు. పూలు కూర్చేది ఆడవాళ్ళే. తెర మీద కూర్పు దగ్గరకొచ్చేసరికి ఆ మాట మగవాళ్ళ సొత్తయింది.

అయితే తెలుగులో ఇంకో దారి కూడా ఉంది. అది స్టూడియోల్లోంచి రాలేదు. 1980లో దీపా ధన్‌రాజ్, మరికొందరు కలిసి యుగాంతర్ అనే బృందంగా ఏర్పడ్డారు. వాళ్ళు హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి 1983లో ‘ఇది కథ మాత్రమేనా’ తీశారు. ఇంటి లోపలి హింస గురించి. నలుపూ తెలుపూ, అరగంట కూడా లేని చిత్రం. సంఘటనలో చర్చల నుంచి పుట్టిన చిత్రం. అదే స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన చరిత్ర. మనలో చాలామందిమి ఆ పుస్తకం చదివి చరిత్ర అంటే ఏమిటో మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నవాళ్ళమే. అప్పట్లో నాకు మాత్రం ఒక సంగతి తట్టలేదు. టేపులోంచి కాగితం మీదకు మాటను దించినవాళ్ళు ఎన్ని వందల సార్లు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని ఉంటారు? దగ్గునూ, కోడిపుంజునూ, పక్కింటామె అడ్డు మాటనూ తీసేయాలా ఉంచాలా అని ఎన్నిసార్లు తేల్చుకుని ఉంటారు? ప్రతి కామా దగ్గరా ఒక కూర్పు ఉంటుంది. యుగాంతర్ చిత్రాలను తర్వాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ డిజిటల్ రూపంలోకి మార్చి భద్రపరిచింది. నా నలభై గంటలను ఎవరు భద్రపరుస్తారు, నేను తప్ప?

నాకు మరింత దగ్గరగా తోచింది జహీరాబాదు పక్క పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, 1990ల చివర వీడియో నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడ్డారు. వరంగల్ వెళ్ళి బీటీ పత్తి వేసిన రైతుల వెంట తిరిగి 2003లో సినిమా తీశారు. పత్తి విత్తనాల గురించి శాస్త్రవేత్తలు, కంపెనీలు ఒక లెక్క చెబుతుంటే, వీళ్ళు చేల గట్ల మీద కూర్చుని ఇంకో లెక్క రికార్డు చేశారు. కెమెరా కోణాలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు వినే ఉంటారు. పైకీ కిందికీ చూసే కోణాలకు పటేలు పేరూ, పాలేరు పేరూ పెట్టి, కంటికి కన్ను ఎదురుగా ఉండేదాన్ని సంఘం షాట్ అన్నారు. ప్రొఫెషనల్ అన్న మాట గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికన్నా ఈ మూడు పేర్లే ఎక్కువ చెప్పాయి. వాళ్ళు ‘మనకెందుకులే’ అనలేదు. కెమెరా అడిగారు, ఎడిటింగ్ నేర్చుకున్నారు. 2008లో సంఘం రేడియో కూడా పెట్టారు.

ధరల సంగతీ కొంచెం చెప్పాలి. 1989లో అవిడ్ వచ్చి ఫిల్మును కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు అది స్టూడియోలకే అందేది. 1991లో ప్రీమియర్, 1999లో ఫైనల్ కట్ ప్రో వచ్చాక గదిలో కూర్చుని ఎడిట్ చేయడం సాధ్యమైంది. డావిన్సీ పేరుతో లక్షల డాలర్లకు అమ్మిన రంగులు దిద్దే యంత్రాల కంపెనీని 2009లో బ్లాక్‌మాజిక్ కొని, 2011లో దాని ఉచిత వెర్షన్ విడుదల చేసింది. లక్షల డాలర్లది ఉచితమైంది కదా, ఇంకా పాతిక వేలు ఏమిటన్న గొణుగుడు నాదే. గోడ కూలిందనుకుంటాం. కూలలేదు, జరిగింది. ఇప్పుడు అది సరిగ్గా ‘చప్పుడు తీసేయడం’ దగ్గర ఉంది. వానలో, చీకట్లో, ఇంజన్ల పక్కన, మంచి మైకు లేకుండా రికార్డు చేసేది ఎవరు? స్టూడియో ఉన్నవాడు కాదు.

కొనేముందు ఒకసారి చూద్దామని నా పాత విద్యార్థిని దగ్గరకు వెళ్ళాను. రాజమండ్రిలో ఒక పెళ్ళి వీడియోల స్టూడియోలో పన్నెండేళ్ళుగా ఎడిటింగ్ చేస్తోంది. ముందుగదిలో సోఫా, ఆల్బమ్‌లు, కెమెరామన్ ఫోటో. వెనకగదిలో ఏసీ పనిచేయని చోట ఆమె. పెన్‌డ్రైవ్ మీద వేసేది కెమెరామన్ పేరు, సెల్ నంబరు, కింద ప్రొఫెషనల్స్ అని. ఈమె పేరు ఎక్కడా ఉండదు. మూడు రోజుల పెళ్ళిని మూడు గంటలు చేసేది, ఏడుస్తున్న పెళ్ళికూతురి మొహం మీద ఎంతసేపు ఆగాలో తేల్చేది ఈమె. “ఎక్కువసేపు ఉంచితే అబ్బాయి తరఫువాళ్ళు గొడవ పెడతారు మేడమ్, తక్కువైతే వాళ్ళమ్మ అడుగుతుంది” అంది. పని మొదలుపెట్టిన రోజుల్లో తెలుగు ఒత్తులు తెర మీద సరిగా కూర్చునేవి కావట. అను ఫాంట్లలో టైపు చేసి బొమ్మగా అతికించేదట. పెళ్ళికూతురి పేరులో ‘స్వ’ విడిపోతే అపశకునమని ఒకాయన డబ్బు ఎగ్గొట్టాడని నవ్వింది.

వాళ్ళ షాపులో ఉన్నది వేరే కంపెనీది, అయినా గొంతును విడదీసే పని చేస్తుంది. నా పన్నెండు నిమిషాల్లో మూడు నిమిషాలు అందులో పెట్టింది. ఒక్క మీట. హోరు పోయింది, లాంచీ పోయింది, వాన పోయింది. పోయిన మనిషి నా పక్కన కూర్చుని మాట్లాడినట్టయింది. కళ్ళు తుడుచుకున్నాను, దాచడమెందుకు.

రెండోసారి విన్నప్పుడు ఏదో తగ్గినట్టనిపించింది. నా రికార్డింగ్‌నూ దీన్నీ పక్కపక్కన పెట్టి వరసగా విన్నాం. పిన్నమ్మ, “మాది ఎకరం పోయింది” అంటుంది. అసలు రికార్డింగ్‌లో సరిగ్గా అక్కడ గుమ్మం లోపలినుంచి సన్నగా ఇంకో గొంతు, “ఎకరన్నర అత్తయ్యా” అంటుంది. ఆమె కోడలు. ఇన్నాళ్ళూ అది వాన చప్పుడులో ఏదో అనుకున్నాను. పక్కపక్కన పెడితే తప్ప వినపడలేదు. శుభ్రం చేసిన దాంట్లో ఆ గొంతు లేదు. దూరంగా, సన్నగా ఉన్నదాన్ని యంత్రం చప్పుడు కింద జమకట్టింది. నా విద్యార్థిని మీట కొంచెం కొంచెం వెనక్కి జరిపింది. సగానికి వచ్చేసరికి కోడలి గొంతు మళ్ళీ వచ్చింది, దానితోపాటు పంపులూ వచ్చాయి.

ఆ అర ఎకరం ఏమిటో నాకు తెలియదు. కొవ్వూరు బస్సెక్కి పట్టిసం వెళ్ళాను. కోడలికి ఇప్పుడు యాభై దాటాయి. ఫోనులో రెండూ వినిపించాను. మొదట శుభ్రం చేసినది. విని కాసేపు మాట్లాడలేదు.

“పంపులు ఆపేశారేంటండీ?” అని అడిగింది.

కంప్యూటర్‌లో తీసేశామని చెప్పాను.

“అదా. లేకపోతే మా అత్తగారు అలా అరవడమేంటి అనుకున్నా. ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదండి. ఆ హోరుకి అరిచేది. ఇది వింటే ఊరికే ఎవరి మీదో పోట్లాడుతున్నట్టుంది.”

నిజమే. చప్పుడు తీసేస్తే, గొంతెత్తిన ఆడది ఒక్కతే మిగిలింది. ఎందుకు గొంతెత్తిందో మిగల్లేదు. కచేరీ రికార్డుల్లో, కోర్టు తీర్పుల్లో, సంస్కర్తల ఉత్తరాల్లో గయ్యాళులుగా మిగిలిపోయిన ఎందరో ఆడవాళ్ళు నాకు ఆ అరుగు మీద గుర్తొచ్చారు. వాళ్ళ వెనక హోరు ఏమిటో ఎవరూ రాసిపెట్టలేదు.

అర ఎకరం గురించి అడిగాను. అది పిన్నమ్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చినదట. నోటి మాట మీద ఇచ్చింది, కాగితం లేదు. అన్నదమ్ముల పాస్‌బుక్కులోనే ఉండిపోయింది. భూమి పోయినప్పుడు పరిహారం వాళ్ళకే వెళ్ళింది. తగువు పడితే పుట్టింటి గడప తొక్కడం పోతుందని ఆమె ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఎకరం అనే చెప్పేది. “నాకు ఒళ్ళు మండి లోపల్నుంచి అన్నానండి. ఆవిడ విననట్టే ఊరుకున్నారు” అంది కోడలు. వీడియో మళ్ళీ చూశాను. విననట్టు కాదు. ఆ మాట దగ్గర పిన్నమ్మ చూపు ఒక్క క్షణం గుమ్మం వైపు వెళ్ళి వస్తుంది. సాయంత్రపు చీకట్లో, మచ్చల మధ్య, అది సరిగా కనిపించదు.

ఆ చూపు కోసం కొన్నాను. పాతిక వేలు పెట్టి, ఆ రాత్రే. బొమ్మ మీద మచ్చలు తీస్తే కళ్ళు ఎటు వెళ్ళాయో తెలుస్తుంది. బంగారం కొన్నప్పుడు కూడా ఇంత ఆలోచించలేదని మా అబ్బాయి ఎగతాళి చేశాడు. వాడి కెమెరా లెన్సు దీనికి మూడింతలు, దాని గురించి ఇంట్లో ఒక్క రోజు కూడా చర్చ జరిగినట్టు నాకు గుర్తులేదు.

గొంతు దగ్గర మాత్రం మీటను సగం దాటనివ్వలేదు. పంపులు ఉన్నాయి. చూసేవాళ్ళకు కొంచెం కష్టమే, కింద అక్షరాలు వేశాం. అత్తగారి మాట ఒక వరస, కోడలి మాట ఇంకో వరస. కోడలు తన పేరు వేయొద్దంది, మేనమామల ఊరు ఎంతో దూరం కాదు. వేయలేదు. మొత్తం కూర్చడానికి నాకు చేతకాక విద్యార్థినిని అడిగాను. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో వచ్చి పదిహేను రోజులు కూర్చుంది. పెళ్ళికి వాళ్ళ యజమాని తీసుకునే రేటు లెక్కన డబ్బు ఇస్తానంటే మొదట నమ్మలేదు.

చివర టైటిల్స్ దగ్గరకొచ్చేసరికి, ‘కూర్పు’ అని టైపు చేసి ఆగింది.

“ఇంటిపేరు ఏది వేయమంటారు మేడమ్? మావారిదా, మా నాన్నగారిదా?”

నీ ఇష్టం అన్నాను. టీ పెట్టుకొచ్చేలోపు తేల్చుకోలేకపోయింది. ఉత్త పేరు టైపు చేసి, సేవ్ చేసి, బస్సు టైమవుతోందని వెళ్ళిపోయింది.